రెజిన్ పీల్చించి ఫైబర్ బోటు హల్ చేయడం: మన ఒడ్డుకు పనికొచ్చే పద్ధతి

భావనపాడు నుంచి కోనాడ, ముక్కాం దాకా మన ఒడ్డున బోటంటే జెట్టీకి కట్టేసి ఇంటికెళ్ళేది కాదు. కెరటాల్లోంచి దాటించాలి, తిరిగొచ్చాక ఇసుక మీదకి లాగాలి. అందుకే బరువు లెక్క ఇంజనుతో ఆగదు. లాగడానికి ఎంతమంది కావాలి, ట్రాక్టరు పిలవాలా అన్నంతవరకూ వస్తుంది. 6.5 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పున్న హల్‌ని (బోటు ఒంటిని) షెడ్డుల్లో అలవాటైన పద్ధతిలో, గ్లాసు దారాల మ్యాట్, రోవింగ్ బట్టలు పరిచి రోలరుతో రెజిన్ (ఆరితే గట్టిపడే జిగురు ద్రవం) పట్టిస్తూ 9 మి.మీ. మందం తెస్తే ఒట్టి హల్లే 200 కేజీలు దాటుతుంది. మధ్యలో ఫోమ్ పెట్టి ఇన్ఫ్యూజన్‌లో, అంటే రెజిన్ పీల్చించే పద్ధతిలో చేస్తే 150 కేజీల దగ్గర ఆగుతుంది, పైగా వంగకుండా బిగువుగా ఉంటుంది. అదే ఔట్‌బోర్డుతో వేగం పెరిగేది ఈ తేడా వల్లే.

పద్ధతి వినడానికి తేలిక. మోల్డులో (హల్ అచ్చులో) గ్లాసు బట్టలు, ఫోమ్ పొడిగానే పరుస్తాం. పైన ప్లాస్టిక్ బ్యాగు కప్పి, అంచులు అంటించి, పంపుతో లోపలి గాలి లాగేస్తాం. అప్పుడు బయటి గాలి చదరపు మీటరుకు దాదాపు 10 టన్నుల బరువుతో బట్టల్ని అణిచిపెడుతుంది. ఆ తరవాత రెజిన్ గొట్టం తెరిస్తే, గాలి ఖాళీ చేసిన చోటల్లా రెజిన్ నింపుకుంటూ పోతుంది. చేత్తో చేసిన మ్యాట్ పనిలో బరువులో గ్లాసు వాటా 30 శాతం దగ్గర, రోవింగ్‌లో 45-50 శాతం ఉంటుంది. ఇక్కడ 65 శాతం వస్తుంది. బలం ఇచ్చేది గ్లాసు, రెజిన్ దాన్ని పట్టి ఉంచేది మాత్రమే.

తిరకాసు ఎక్కడంటే, రెజిన్ వదిలాక చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. చేత్తో వేసేటప్పుడు బుడగ కనిపిస్తే రోలరుతో నొక్కేస్తాం. ఇక్కడ ఆ వీలు లేదు. రెజిన్ ఎటు వెళ్ళాలి, ఏది చివర తడవాలి, గాలి ఏ దారిన బయటికి పోవాలి అన్నీ పొడిగా ఉన్నప్పుడే తేలిపోవాలి. ఐదారు రోజులు పొడి పని, గంటన్నర తడి పని. ఆ ఐదారు రోజుల్లో తొందరపడ్డవాడికి గంటన్నరలో దొరికేది 150 కేజీల చెత్త.

ఏ నెలలో చెయ్యాలి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అప్పుడు మనుషులు ఖాళీగా దొరుకుతారు కాబట్టి ఆ రెండు నెలల్లోనే బోటు పని పెట్టుకోవడం అలవాటు. ఇన్ఫ్యూజన్‌కి అది సరైన కాలం కాదు. రేకుల షెడ్డులో మధ్యాహ్నానికి 40 డిగ్రీలు దాటుతుంది. సుమారుగా 10 డిగ్రీలు పెరిగితే రెజిన్ గట్టిపడే సమయం సగానికి పడిపోతుంది. ఆ రెండు నెలల్లో ప్లగ్గు (మోల్డు తీసే నమూనా), మోల్డు, స్టాండ్లు, ఫోమ్ కోతలు చేసుకోండి. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ, జెల్‌కోటుకీ (హల్ బయటికి కనిపించే రంగు పూతకీ) గ్లాసుకీ చేటు. అక్టోబరు సంగతి చెప్పక్కర్లేదు: 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ ఆ నెల రెండో వారంలోనే వచ్చాయి. అసలు పని డిసెంబరు, జనవరి, ఫిబ్రవరిలో పెట్టుకోండి. అప్పుడు కూడా ఉదయం మంచు విడిచి, మోల్డు చెమట ఆరాక, 9 గంటల తరవాతే మొదలు. షెడ్డులో 24-28 డిగ్రీలుండాలి, గాలిలో తేమ 70 శాతం లోపుంటే హాయి, 80 దాటితే ఆ రోజు వదిలెయ్యండి.

మోల్డు

చేత్తో వేసే పనికి వాడిన పాత మోల్డు ఉంటే నేరుగా దిగొద్దు. కంటికి కనిపించని వెంట్రుక పగుళ్ళలోంచి, మ్యాట్‌లో మిగిలిన బుడగల దారుల్లోంచి అది గాలి పీలుస్తుంది. ముందు ఖాళీ మోల్డు మీదే, మీటరున్నర పొడవు చొప్పున ముక్కలుగా బ్యాగు వేసి పరీక్షించండి. గాలి పట్టని మోల్డుని జెల్‌కోటుతో సరిచెయ్యడం ఒక రోజు పని. హల్ వేశాక ఆ లోపం దొరికితే సరిచెయ్యలేం.

మోల్డు అంచు చుట్టూ 150 మి.మీ. వెడల్పు చదునైన ఫ్లాంజి (బయటికి చాచిన అంచు) కావాలి. వ్యాక్యూమ్ గొట్టం, గమ్ టేపు (బ్యాగు అంచుని మోల్డుకి అంటించే జిగురు పట్టీ) కూర్చునేది దాని మీదే. 50 మి.మీ. ఉంటే కూడా చేసేవాళ్ళున్నారు గానీ, తరవాత ప్రతి మడత దగ్గరా తిప్పలే. బ్యాగు ఒత్తిడికి మోల్డు నలిగిపోతుందేమో అన్న భయం అక్కర్లేదు, కింది నుంచీ గాలి అంతే బలంగా పైకి నొక్కుతుంది. మోల్డు గోడలో బోలు పెట్టెలుంటే మాత్రం అవి కుంగుతాయి. స్టాండ్లకి మన సరుగుడు వాసాలు చాలు. నాలుగు మూలలూ ఒక మట్టంలో ఉన్నాయో లేదో నీళ్ళ గొట్టంతో చూసుకోండి.

కొత్త మోల్డుకి వ్యాక్స్ ఐదారు పూతలు, పూతకీ పూతకీ మధ్య కనీసం గంట. వ్యాక్స్ కొట్టేముందే ఫ్లాంజి బయటి 50 మి.మీ. మీద మాస్కింగ్ టేపు వేసెయ్యండి. గమ్ టేపు వ్యాక్స్ మీద పైకి అంటినట్టే ఉంటుంది, వ్యాక్యూమ్ ఎక్కాక మెల్లగా జారుతుంది.

సామాను లెక్క

ఈ కొలతల హల్ లోపలి వైశాల్యం సుమారు 16 చదరపు మీటర్లు. కింది లెక్క దానికి. బోటు కొలత మారినా, ఇంజను పెద్దదైనా పొరల సంఖ్య చిన్న బోట్ల ప్రమాణం ఐఎస్ఓ 12215-5 ప్రకారం లెక్క కట్టించుకోవాలి. పక్క షెడ్డు బోటు చూసి అంచనా వెయ్యొద్దు.

జెల్‌కోటు: చదరపు మీటరుకు 600-700 గ్రాములు, మొత్తం 11 కేజీలు.
స్కిన్ కోటు (జెల్‌కోటు మీద వేసే మొదటి మ్యాట్ పొర): చదరపు మీటరుకు 300 గ్రాముల మ్యాట్ 5 కేజీలు, వినైల్ ఎస్టర్ రెజిన్ 11 కేజీలు. ఇది చేత్తోనే.
గ్లాసు: చదరపు మీటరుకు 600 గ్రాముల బయాక్సియల్ (రెండు దిశల్లో దారాలున్న బట్ట), వెన్ను (హల్ అడుగున నడిమి గీత), మలుపుల దగ్గర అదనపు పట్టీలతో కలిపి 63 కేజీలు.
ఫోమ్: 15 మి.మీ. పీవీసీ, ఘనపు మీటరుకు 80 కేజీల సాంద్రత, 12 చదరపు మీటర్లు.
ఇన్ఫ్యూజన్ రెజిన్: 65 కేజీలు.
పీల్ ప్లై (ఆరాక ఒలిచేసే పలచటి బట్ట) 20 చదరపు మీటర్లు, ఫ్లో మెష్ (రెజిన్ పారడానికి పరిచే వల) 14, నైలాన్ బ్యాగు ఫిల్ము 30. గమ్ టేపు 30 మీటర్లు. స్పైరల్ (రెజిన్‌ని, గాలిని నడిపించే చుట్ట గొట్టం) 35 మీటర్లు, 12 మి.మీ. లోపలి వ్యాసమున్న గట్టి పారదర్శక గొట్టం 20 మీటర్లు.

65 కేజీలు ఎలా వచ్చిందో తెలిస్తే మీ బోటుకి మీరే వేసుకోవచ్చు. 63 కేజీల గ్లాసు 65 శాతం వాటాకి 34 కేజీల రెజిన్ తాగుతుంది. ఫోమ్ గాళ్ళు, రంధ్రాలు చదరపు మీటరుకు 0.8 కేజీ చొప్పున 10 కేజీలు. మెష్‌లో, పీల్ ప్లైలో మిగిలి చెత్తకుండీకి పోయేది 8. గొట్టాల్లో 3. మొత్తం 55, పైన 15 శాతానికి కాస్త ఎక్కువ నిల్వ. రెజిన్ మధ్యలో అయిపోయి తెప్పించేలోపు హల్ సగంలో గట్టిపడుతుంది, కాబట్టి ఆ నిల్వ మీద పిసినారితనం వద్దు.

కొన్నిటికి బజారు ప్రత్యామ్నాయాలు చెల్లుతాయి, కొన్నిటికి చెల్లవు. స్పైరల్ కరెంటు సామాన్ల కొట్టులో దొరుకుతుంది, తీగలు కట్టగా చుట్టే తెల్ల చుట్టే అది. ఫ్లో మెష్‌కి బదులు నర్సరీ షేడ్‌నెట్ వాడదామంటారు. పట్టీ దారంతో నేసినది అణిగిపోయి రెజిన్‌ని ఆపుతుంది. గుండ్రటి దారంతో అల్లినది కొంత నయం, అదైనా ముందు చిన్న పలక మీద చూశాకే. బ్యాగుకి ధాన్యం కప్పే పాలిథిన్ వద్దే వద్దు. సూదిమొన రంధ్రాలు కొన్నప్పుడే ఉంటాయి. ఇక థర్మోకోల్: తేలడానికి తెప్పల్లో కుక్కడం మనకి అలవాటే గానీ, పాలిస్టర్, వినైల్ ఎస్టర్ రెజిన్లలోని స్టైరీన్ తగిలితే అది చక్కెరలా కరిగిపోతుంది. ఫ్రిజ్‌ల్లో వాడే మెత్తటి పీయూ ఫోమ్ కరగదు, కానీ ఒత్తిడికి నలిగి పొడవుతుంది.

రెజిన్ కొనేటప్పుడు ఇన్ఫ్యూజన్ గ్రేడు అని అడగండి. చిక్కదనం 150-300 సెంటీపాయిస్ మధ్య ఉండాలి. షెడ్డులో ఉన్న మామూలు పాలిస్టర్‌ని గోడల మీద కారకుండా చిక్కబరిచి ఉంటారు, అది బట్టలో నడవదు. నీళ్ళలో, ఎండలో నానే హల్‌కి వినైల్ ఎస్టరే మేలు. ఖరీదెక్కువైనా పొక్కులు రావు.

జెల్‌కోటు, స్కిన్ కోటు

జెల్‌కోటు రెండు పూతల్లో 0.5-0.6 మి.మీ. దాకా తెచ్చి, వేలికి జిగటగా తగులుతూ రంగు అంటని స్థితిలో స్కిన్ కోటు వెయ్యండి. నేరుగా జెల్‌కోటు మీద పొడి బట్టలు పరిచి పీల్చించవచ్చు కదా అనిపిస్తుంది. అలా చేస్తే ఫోమ్ గాళ్ళ గీతలు ఎండలో నెల తిరక్కుండా బయటికి అచ్చులా తేలతాయి. స్కిన్ కోటు పూర్తిగా ఆరాక, మర్నాడు 80 నంబరు కాగితంతో ముళ్ళన్నీ రుద్దెయ్యండి. మ్యాట్ ముల్లు ఒక్కటి మిగిలినా అక్కడ బట్ట పైకి లేచి కింద రెజిన్ గుంట కడుతుంది. రాత్రిపూట మోల్డు మీద పరదా కప్పాలి. సముద్రపు గాలికి ఉప్పు పొర పేరుకుంటుంది, తెల్లారి చేత్తో రాస్తే తెలుస్తుంది.

బట్టలు, ఫోమ్ పరవడం

బయటి వైపు మూడు పొరలు: నిలువు-అడ్డం, 45 డిగ్రీల ఏటవాలు, మళ్ళీ నిలువు-అడ్డం. దాని మీద ఫోమ్. లోపలి వైపు రెండు పొరలు: ఏటవాలు, నిలువు-అడ్డం. అతుకు 50 మి.మీ., ఒక పొర అతుకు మీద ఇంకో పొర అతుకు పడకుండా 100 మి.మీ. జరపాలి. గ్లాసు చుట్టలు రెండ్రోజుల ముందే షెడ్డు లోపల విప్పి ఉంచండి. తేమ పట్టిన గ్లాసు రెజిన్‌ని సరిగా పట్టుకోదు, ఆ సంగతి కంటికి కనిపించదు.

వెన్ను దగ్గర ఫోమ్ పెట్టొద్దు. జెట్టీకి కట్టే బోటుకైతే అడుగంతా ఫోమ్ వేసినా చెల్లుతుంది. మన బోటు రోజూ ఇసుక మీద ఈడ్చబడుతుంది, రాయో గుంజో తగిలితే పలచటి పొర చిరిగి నీళ్ళు ఫోమ్‌లోకి చేరతాయి. వెన్నుకి అటూ ఇటూ 120 మి.మీ. ఫోమ్ వదిలేసి, ఆ సందులో 600 గ్రాముల బట్ట ఎనిమిది పట్టీలు అదనంగా వెయ్యండి. ఒక్కో పొర సుమారు అర మిల్లీమీటరు వస్తుంది. అన్నీ కలిపి వెన్ను 6 మి.మీ. పైన గట్టి గ్లాసవుతుంది. అడుగూ పక్కగోడా కలిసే మలుపు దగ్గర మూడు పట్టీలు, 150 మి.మీ. వెడల్పున. ఇంజను తగిలించే వెనక పలకకి మూడు పొరలు అదనం. పలక లోపలి ప్లైవుడ్‌ని ఇన్ఫ్యూజన్‌లో కలపొద్దు. చెక్క తనలోంచే గాలి వదులుతూ ఉంటుంది, బుడగలు ఆగవు. ఐఎస్ 710 మెరైన్ ప్లై 18 మి.మీ.వి రెండు తరవాత పేస్టుతో అంటించి, మీద గ్లాసు కట్టడమే శుభ్రం.

ఫోమ్ షీటుకి రెండు వైపులా గాళ్ళు, 20-25 మి.మీ. దూరంలో 2 మి.మీ. రంధ్రాలు ఉండాలి. పై నుంచి రెజిన్ కింది పొరలకి దిగేది ఈ రంధ్రాల్లోంచే. అంచుల్ని నిటారుగా వదలకుండా ఒకటికి మూడు వాలుతో చెక్కండి. నిటారు అంచు దగ్గర బట్ట గాలిలో వంతెనలా నిలబడి, కింద ఒట్టి రెజిన్ నిండి, మొదటి వేసవికే పగులుతుంది. షీటుకీ షీటుకీ మధ్య 2 మి.మీ. కంటే ఎక్కువ సందు ఉంటే రెజిన్ దానిలో కాలవలా పరిగెత్తి వెళ్ళి, వెనకున్న బట్టని పొడిగా చుట్టేస్తుంది. బట్టలు జారకుండా స్ప్రే జిగురు వాడితే చుక్కలు చుక్కలుగా మాత్రమే. తడిసేలా కొడితే అదే గోడై రెజిన్‌ని ఆపుతుంది.

గొట్టాల దారి

రెజిన్ నడక ఒక సూత్రం మీద ఉంటుంది: దూరం రెట్టింపైతే సమయం నాలుగింతలు. అరమీటరుకి 5 నిమిషాలు పడితే మీటరుకి 20, ఒకటిన్నర మీటరుకి 45. మన హల్‌లో వెన్ను నుంచి పై అంచుకి సుమారు 1.4 మీటర్లు. ఒక్క గొట్టంతో నింపవచ్చు గానీ చివరి 20 సెం.మీ. ప్రాణం తీస్తుంది. అందుకే మూడు దారులు: వెన్ను పొడవునా ఒక స్పైరల్, రెండు మలుపుల మీద ఒక్కోటి. వ్యాక్యూమ్ స్పైరల్ ఫ్లాంజి మీద చుట్టూ తిరుగుతుంది. వెన్ను గొట్టానికి రెజిన్ ప్రవేశం మధ్యలో పెడితే ముందుకీ వెనక్కీ సమంగా వెళ్తుంది.

పరిచే వరుస: గ్లాసు మీద అంతటా పీల్ ప్లై, దాని మీద మెష్, మెష్ మీద రెజిన్ స్పైరల్‌లు. మెష్ పై అంచుకి 80-100 మి.మీ. ముందే ఆగిపోవాలి. వ్యాక్యూమ్ గొట్టం పీల్ ప్లై మీదే కూర్చోవాలి, మెష్ దానికి తగలకూడదు. కొత్తవాళ్ళు తప్పకుండా చేసే పొరపాటు ఇక్కడే. మెష్ చివరిదాకా పరిస్తే రెజిన్ పైపైన పరిగెత్తి వ్యాక్యూమ్ గొట్టం చేరిపోతుంది, ఫోమ్ కింద బట్ట ఇంకా పొడిగానే ఉంటుంది. బకెట్ నుంచి నేరుగా పంపు డబ్బాలోకి రెజిన్ పోసినట్టే. ఆ 80 మి.మీ. ఖాళీ బ్రేకు లాంటిది, కింది పొర అందుకునే దాకా పై పొరని ఆపుతుంది.

బ్యాగు, గాలి పరీక్ష

బ్యాగు మోల్డుకి సరిగ్గా సరిపోయేలా కోస్తే మూలల్లోకి దిగదు. చుట్టూ 30 శాతం ఎక్కువ తీసుకుని, ప్రతి మలుపు దగ్గరా చీర కుచ్చిళ్ళలా నిలువు మడతలు పెట్టాలి. మడత లోపలి రెండు పక్కలకీ గమ్ టేపు అంటాలి. మడత మొదట్లో చిటికెడు ముక్క అదనంగా నొక్కండి, కారేది అక్కడే.

సముద్రపొడ్డు షెడ్డులో గమ్ టేపుకి పగవాడు ఇసుక. ఒక్క ఇసుక రేణువు టేపు కింద పడితే ఒక కారుడు. టేపు వేసే రోజు నేల నీళ్ళు చల్లి తుడిచి, చెప్పులు బయట విడిచి, ఫ్లాంజిని ఎసిటోన్ గుడ్డతో తుడిచిన వెంటనే టేపు వెయ్యండి, అదీ పై కాగితం తియ్యకుండా. కాగితం బ్యాగు దించే చోట మాత్రమే, అరమీటరు అరమీటరు చొప్పున తియ్యాలి.

పంపు ఆయిలు రోటరీ వేన్ రకం, నిమిషానికి 200 లీటర్లు లాగేది చాలు. ఏసీ మెకానిక్కుల దగ్గరున్న చిన్న పంపు పలకలకి సరిపోతుంది, హల్‌కి వేడెక్కి ఆగిపోతుంది. పాలు పితికే మిషను పంపు సగం వ్యాక్యూమే ఇస్తుంది, దాంతో కాదు. పంపుకీ బ్యాగుకీ మధ్య రెజిన్ పట్టే డబ్బా తప్పనిసరి.

ముందు పావు వంతు వ్యాక్యూమ్‌కి లాగి ఆపండి. ఇప్పుడు చేత్తో బ్యాగుని వెన్ను గాడిలోకి, మలుపుల్లోకి తోస్తూ మడతలు సర్దండి. పూర్తిగా బిగిశాక కదల్చలేరు. తరవాత చివరిదాకా లాగండి, లోపల మిగిలే ఒత్తిడి 30-50 మిల్లీబార్లకి దిగాలి. డయల్ గేజీ మీద అది సుమారు 28.5 అంగుళాలు. ఒక సంగతి గుర్తుంచుకోండి: డయల్ గేజీ బయటి గాలితో పోల్చి చెప్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి బయటి ఒత్తిడి 15 మిల్లీబార్లు పడిపోతే ముల్లు దాదాపు అరంగుళం తక్కువ చూపిస్తుంది. కారుడు లేకపోయినా గంటల తరబడి వెతుకుతూ కూర్చుంటారు. డిజిటల్ అబ్సొల్యూట్ గేజీకి ఈ గొడవ లేదు, పైగా కింది పరీక్షకి అదే కావాలి.

పంపు గొట్టం బిగించి 10 నిమిషాలు ఆగండి. 10 మిల్లీబార్ల కంటే ఎక్కువ పెరక్కూడదు. పెరిగితే వెతకాల్సిందే. చెవిలో సన్నటి గొట్టం పెట్టుకుని రెండో కొస టేపు వెంబడి జరుపుతూ పోతే ఈల వినిపిస్తుంది. గాలి లేవకముందు తెల్లవారుజామున ఈ పని చేస్తే కెరటాల హోరు కూడా కాస్త తక్కువగా ఉంటుంది. ముందు రోజు సాయంత్రం బ్యాగు మూసి, రాత్రంతా పంపు నడిపి, ఉదయం పరీక్షించడం మంచిది. బట్టల్లోని తేమ కూడా కొంత పోతుంది. పిల్లి, ఎలుక షెడ్డులోకి రాకుండా చూసుకోండి, వినడానికి నవ్వులాటగా ఉంటుంది గానీ గోరు గీరితే చాలు.

ఈ పరీక్ష మీద ఇంత పట్టుదల ఎందుకంటే కరెంటు. పల్లెల్లో మధ్యాహ్నం కోత ఎప్పుడు పడుతుందో తెలీదు. బ్యాగు కారకపోతే, కరెంటు పోయిన క్షణంలో పంపు గొట్టాన్ని బిగించి పావుగంట నిశ్చింతగా ఉండవచ్చు, ఆలోగా జనరేటరు పెట్టుకోవచ్చు. కారే బ్యాగుకి ఆ పావుగంట ఉండదు.

రెజిన్ కలపడం

ఆ రోజు, ఆ షెడ్డులో, ఆ వేడిలో 100 గ్రాముల కప్పు పరీక్ష చెయ్యండి. ముందు రోజుది చెల్లదు. కప్పులో 80-90 నిమిషాలకి జెల్ కావాలి, అంటే పారడం ఆగి ముద్దకట్టాలి. క్యాటలిస్టు (రెజిన్‌ని గట్టిపరిచే మందు) రెజిన్ బరువులో 1 నుంచి 1.5 శాతం, అంటే 10 కేజీలకి 100-150 గ్రాములు. సమయం పెంచడానికి తయారీదారు చెప్పిన కనిష్ఠం కంటే తగ్గించొద్దు, జెల్ అవుతుంది గానీ ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. అలాంటప్పుడు ఇన్హిబిటర్ (జెల్ కావడాన్ని ఆలస్యం చేసే మందు) వాడాలి. వినైల్ ఎస్టర్‌లో మామూలు ఎంఈకేపీ క్యాటలిస్టు నురగ కడుతుంది. రెజిన్‌తో పాటు సిఫార్సు చేసే, నురగ రాని రకం క్యాటలిస్టు అడిగి తీసుకోండి.

కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగం చేసే మందు), క్యాటలిస్టు నేరుగా ఎప్పుడూ కలవకూడదు, మంట లేచి పేలుతుంది. కోబాల్ట్ ముందే కలిపిన రెజిన్ కొంటే ఈ ప్రమాదమే ఉండదు. క్యాటలిస్టు కంట్లో పడితే చూపు పోతుంది. కళ్ళద్దాలు లేకుండా మూత తియ్యొద్దు. పడితే 15 నిమిషాలకి తక్కువ కాకుండా మంచినీళ్ళతో కడిగి ఆసుపత్రికి. స్టైరీన్ ఆవిరికి గుడ్డ మాస్కు పనికిరాదు, బొగ్గు కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. బీడీ షెడ్డుకి పది గజాల అవతల.

ఒక్కో బకెట్‌లో 10 కేజీలకి మించి కలపొద్దు. పెద్ద ముద్దగా ఉన్న రెజిన్ తన వేడికి తానే త్వరపడుతుంది, కప్పులో 90 నిమిషాలన్నది బకెట్‌లో గంటకే పొగలు కక్కవచ్చు. కలిపాక ఐదు నిమిషాలు వదిలితే బుడగలు పైకి తేలతాయి.

తెరిచాక

కనీసం నలుగురు కావాలి: ఒకరు కలపడానికి, ఒకరు బకెట్ దగ్గర, ఒకరు బిగింపుల దగ్గర, ఒకరు ఊరికే తిరుగుతూ చూడటానికి. ఆఖరివాడే ముఖ్యుడు.

ముందు వెన్ను గొట్టం ఒక్కటే తెరవండి. రెజిన్ అటూ ఇటూ నల్లటి గీతలా పాకుతుంది. పది నిమిషాలకోసారి దాని ముందంచు మీద మార్కరుతో గీసి సమయం రాయండి. రెజిన్ మలుపు గొట్టాన్ని దాటి 80-100 మి.మీ. వెళ్ళాకే ఆ వైపు గొట్టం తెరవాలి. ఆత్రపడి ముందే తెరిస్తే రెండు రెజిన్‌ల మధ్య గాలి ఇరుక్కుంటుంది, దానికిక బయటి దారి లేదు. రెండు పక్కలూ ఒకేసారి దాటవు, ఏది దాటితే దాన్నే తెరవండి.

బకెట్‌లో గొట్టం కొస ఎప్పుడూ రెజిన్‌లో మునిగి ఉండాలి. ఒక్క గుక్క గాలి లోపలికి వెళ్తే అది వెన్ను వెంబడి తెల్లచారగా మిగులుతుంది. గొట్టాన్ని బకెట్ అడుగుకి కర్రతో కట్టేసి, మూడో వంతు మిగిలి ఉండగానే కొత్తది పొయ్యండి. బకెట్ మోల్డు కంటే కిందే ఉండాలి. పైన పెడితే నిండిన చోట బ్యాగు ఉబ్బి గ్లాసు వాటా తగ్గుతుంది.

బుడగలు వరసగా ఒకే చుక్క నుంచి బయల్దేరుతుంటే అక్కడ బ్యాగు కారుతోంది. గమ్ టేపు ముక్క నొక్కి చూడండి. ముందంచు మొత్తం నురగలా తెల్లబడితే కారుడు కాదు, వ్యాక్యూమ్ మితిమీరింది. వేడి రోజున 20 మిల్లీబార్ల దగ్గరికి దిగితే స్టైరీనే మరుగుతుంది. పంపుని కొంచెం తగ్గించండి.

ఏదైనా ద్వీపంలా పొడిచోటు మిగిలితే, చుట్టూ రెజిన్ జెల్ కాకముందే ఆ చోట సూది గొట్టంతో గుచ్చి, చుట్టూ టేపు బిగించి, దాన్ని రెండో పంపుకి కలిపి లాగండి. చిన్నవి చాలావరకు పూడతాయి.

పై అంచు అంతా తడిసి, వ్యాక్యూమ్ గొట్టంలోకి బుడగలు లేని రెజిన్ వస్తున్నప్పుడు రెజిన్ గొట్టాలు బిగించెయ్యండి. పంపు ఆపొద్దు. జెల్ అయి, వేడెక్కి, మళ్ళీ చల్లారేదాకా, అంటే ఆ రాత్రంతా నడవాలి. మిగిలిన రెజిన్ బకెట్‌ని ఆరుబయట ఇసుకలో పలచగా పోసెయ్యండి, మూలన పెడితే అర్ధరాత్రి పొగ.

విప్పాక

48 గంటల తరవాత బ్యాగు, మెష్, పీల్ ప్లై ఒలవండి. హల్ మాత్రం మోల్డులోనే ఉండాలి. స్ట్రింగర్లు (హల్ లోపల పొడవునా బలానికి కట్టే దూలాలు), అడ్డగోడలు, వెనక పలక ప్లై అన్నీ మోల్డులో ఉండగానే కట్టెయ్యాలి. తేలికైన హల్‌ని ఒట్టిగా బయటికి తీస్తే దాని బరువుకే మెలి తిరుగుతుంది, ఆ మెలిక మీదే స్ట్రింగర్లు కడితే శాశ్వతం. పీల్ ప్లై ఒలిచిన గరుకు మీద వారంలోపు కట్టుకోవచ్చు, ఆ తరవాతైతే రుద్దాలి.

ఐదు రూపాయల బిళ్ళతో అడుగంతా తట్టి వినండి. ఖణేల్మంటే పట్టింది, బొదబొదలాడితే ఫోమ్ కింద పొడి. అరచెయ్యంత లోపైతే 3 మి.మీ. రంధ్రాలు రెండు వేసి, ఒకదాంట్లోంచి సిరంజితో రెజిన్ ఎక్కించి రెండోదాంట్లోంచి వచ్చేదాకా నింపండి. అంతకంటే పెద్దదైతే లోపలి పొర కోసి, పొర మందానికి కనీసం 12 రెట్ల వాలుతో అంచులు రుద్ది, కొత్త పొర వెయ్యాలి.

బోల్టు దిగే ప్రతి చోటా రంధ్రం చుట్టూ ఫోమ్ తవ్వేసి, గ్లాసు పొడి కలిపిన ఎపాక్సీతో నింపి, ఆరాక మళ్ళీ డ్రిల్ చెయ్యండి. ఈ ఒక్క పని ఎగ్గొట్టిన బోట్లు రెండో ఏటికి నీళ్ళు తాగి బరువెక్కుతాయి.

వెన్ను కింద ఇసుక రాపిడికి బయటి నుంచి మరో రెండు పొరల పట్టీ వేసి, అది అరుగుదలకేనని లెక్క పెట్టుకోండి. ఏడాదికోసారి నిషేధ కాలంలో అది మార్చడం అరరోజు పని.

హల్‌కి చెయ్యి పెట్టేముందు ఒక పలక: రెండడుగుల చదరపు కిటికీ అద్దం తెచ్చి, వ్యాక్స్ రాసి, దాని మీద ఇవే బట్టలు, ఇదే ఫోమ్, ఇదే రెజిన్‌తో పీల్చించండి. ఆ గాజు కింద ముఖం చూసుకునే అద్దం పట్టి చూస్తే, పైన నిండినట్టు కనిపిస్తున్నప్పుడు కింది పొర ఎంత వెనకబడిందో కళ్ళారా తెలుస్తుంది. మెష్ ఎంత ముందు ఆపాలి అన్న కొలత మీ సామానుకి 80 మిల్లీమీటర్లా, 120యా అన్నది అక్కడే తేలుతుంది.